మూడో తరగతి దగ్గర గీసిన గీత

కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

2022 జూలై 5న ఆంధ్రప్రదేశ్‌లో బళ్ళు తెరిచారు. ఆ నెలంతా చాలా ఊళ్ళలో ఒకటే గొడవ. రెండో తరగతి అయిపోయిన పిల్లలు ఎప్పట్లాగే ఊరి బడికి పోతే, ఇక మీ క్లాసు ఇక్కడ లేదు, హైస్కూల్‌కి పోవాలి అన్నారు. తల్లులు పిల్లల్ని వెంటేసుకొని రోడ్డు మీద కూర్చున్నారు. కొన్నిచోట్ల బడి గేటుకే తాళం పడింది. టీవీల్లో మనందరం చూశాం. ఆ గొడవ మైదానపోళ్ళది, మనకేటి సంబంధం అనుకున్నోళ్ళు మనలో చాలామంది ఉన్నారు. సంబంధం చాలా ఉంది, మనకి అది ఎప్పుడో జరిగిపోయింది కాబట్టే కొత్తగా అనిపించలేదు.

ముందు 2022 సంగతి చూద్దాం. 2020 జాతీయ విద్యా విధానం చదువుని 5+3+3+4 అని నాలుగు ముక్కలు చేసింది. మొదటి అయిదేళ్ళలో అంగన్‌వాడీ వయసు నుంచి రెండో తరగతి దాకా వస్తుంది. మూడో తరగతి నుంచి ఇంకో దశ. ఇది చదువు ఎలా చెప్పాలన్న లెక్క. పిల్లలు ఏ భవనంలో కూర్చోవాలన్న లెక్క కాదు. మన రాష్ట్రం దాన్ని భవనాల లెక్కగా మార్చింది. 2021లో హైస్కూల్‌కి 250 మీటర్ల లోపున్న ప్రాథమిక బళ్ళ నుంచి 3, 4, 5 తరగతులు తీసి హైస్కూల్లో కలిపారు. మరుసటేడు ఆ 250 మీటర్లు ఒక కిలోమీటరు అయింది. 2022 జూన్ 10న వచ్చిన జీవో 117 టీచర్ల సర్దుబాటుకి లెక్కలు కట్టింది.

ప్రభుత్వం చెప్పిన కారణం పూర్తిగా అబద్ధమనను. ఒకే టీచరు అయిదు తరగతులు పట్టుకొని, మధ్యలో రికార్డులు రాస్తూ, గుడ్ల లెక్క చూస్తూ ఉంటే ఏ పిల్లాడికి ఏం వస్తుంది? మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు చెప్తారంటే వినడానికి బాగానే ఉంది. టీచర్ల సంఘాలు మాత్రం ఇది పోస్టులు తగ్గించే పని అన్నాయి. ఒక టీచరు చాలని బడికి ఇంకో ఇద్దరిని ఇచ్చి ఉంటే ఈ గొడవే లేదు. అదెందుకు చెయ్యలేదో ఎవరూ సూటిగా చెప్పలేదు.

గొడవ ముదిరింది రెండు విషయాల దగ్గర. ఒకటి, చోటు. ఆరు నుంచి పది వరకు కట్టిన హైస్కూల్లోకి ఒక్కసారే ఇంకో మూడు తరగతులు వచ్చి పడ్డాయి. నాడు-నేడు రెండో దశ గదులు చాలాచోట్ల పూర్తి కాలేదు. పిల్లలు వరండాల్లో, చెట్ల కింద, ఒకే గదిలో రెండు తరగతులుగా కూర్చున్నారు. ఊళ్ళో ఉన్న బడి ఖాళీగా, దూరంగా ఉన్న బడి కిక్కిరిసి. తల్లిదండ్రులకి కోపం రాకేం చేస్తాది?

రెండోది ఆ కిలోమీటరు. అది మ్యాపు మీద కొలిచిన కిలోమీటరు. మధ్యలో ఏముందన్నది తల్లికి తెలుసు, మ్యాపింగ్ చేసినోళ్ళకి కనిపించదు. మన అచ్యుతాపురం తీసుకోండి. సెజ్ వచ్చాక అనకాపల్లి రోడ్డు ఎలాగుందో ఇక్కడ షిఫ్టు పనికొచ్చిన మనోళ్ళందరికీ తెలుసు. కంపెనీ బస్సులు, కెమికల్ ట్యాంకర్లు, షిఫ్టు వదిలిన టైములో బళ్ళ మీద జనం. పెద్దోళ్ళమే ఆగి ఆగి దాటుతాం. ఆ రోడ్డు పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల నడిచే కిలోమీటరు, పొలం గట్టు మీద నడిచే కిలోమీటరు ఒకటేనా?

ఆందోళనకి ఫలితం కొంత వచ్చింది. అప్పటి విద్యాశాఖ మంత్రి బొత్స సత్యనారాయణ అభ్యంతరాలు పరిశీలిస్తామన్నారు, జిల్లాల్లో కమిటీలు వేశారు, కొన్ని బళ్ళని విలీనం నుంచి తప్పించారు. పీడీఎఫ్ ఎమ్మెల్సీలు ‘బడి కోసం బస్సు యాత్ర’ పేరుతో ఊరూరా తిరిగారు. ప్రభుత్వం మారాక 2025 మేలో జీవో 117 స్థానంలో కొత్త జీవోలు వచ్చాయి, తొమ్మిది రకాల బళ్ళన్నారు, తరగతికో టీచరుతో మోడల్ ప్రైమరీ స్కూళ్ళన్నారు. జూన్‌లో బళ్ళు తెరిచాక మళ్ళీ కొన్ని ఊళ్ళలో అదే గొడవ, మా 3, 4, 5 తరగతుల్ని పక్క ఊరి మోడల్ స్కూల్‌కి తీసుకుపోవద్దని. పేరు మారింది గానీ మూడో తరగతి దగ్గర గీసిన గీత చాలాచోట్ల అలాగే ఉంది.

ఇప్పుడు మన సంగతి. ఆ గీత మనకి కొత్తా? గిరిజన సంక్షేమ శాఖ ఆశ్రమ పాఠశాలలు ఏ తరగతి నుంచి మొదలవుతాయి? మూడు నుంచి పది. గూడెంలో రెండో తరగతి వరకు ఉంటే ఉంటుంది, తర్వాత ట్రంకు పెట్టె, దుప్పటి, పళ్ళెం పట్టుకొని బయలుదేరడమే. మైదానంలో కిలోమీటరు దూరం పంపడానికే తల్లిదండ్రులు రోడ్డెక్కారు. మనోళ్ళు ఎనిమిదేళ్ళ పిల్లల్ని కొండలు దాటించి, పండక్కి గానీ ఇంటికి రాని చోట వదిలేసి వచ్చారు. దాన్ని తరలింపు అని ఒక్కరూ అనలేదు. సంక్షేమం అన్నారు.

ఆశ్రమ పాఠశాల చెడ్డదని అనడం లేదు. మనలో టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు అయినోళ్ళు ఎక్కువమంది ఆ బళ్ళలో తిని చదివినోళ్ళే. ఆకలి నెలల్లో అక్కడ మూడు పూటలా అన్నం దొరికేది, అది చిన్న విషయం కాదు. కానీ అమ్మానాన్నలు ఇష్టపడి పంపారా, వేరే దారి లేక పంపారా అన్నది వేరే ప్రశ్న. పిల్లల్ని వందల్లో ఒకచోట ఉంచితే ఏమవుతుందో 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో చూశాం. పచ్చకామెర్లతో వందమందికి పైగా ఆడపిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు.

వేరే దారి ఎప్పుడూ లేదా అంటే, ఉంది. 1940లో కొమురం భీమ్ జోడేఘాట్‌లో చనిపోయాక నిజాం ప్రభుత్వానికి భయం పట్టుకుంది, ఆదిలాబాద్ గోండుల పరిస్థితి చూడమని హైమన్‌డార్ఫ్‌ని పంపింది. ఆయన 1943లో మార్లవాయిలో గోండు యువకులకి టీచర్ ట్రైనింగ్ మొదలెట్టించాడు. గోండి భాషలో వాచకాలు తయారుచేశారు, ట్రైనింగ్ అయినోళ్ళు గూడేలకి పోయి బళ్ళు పెట్టారు. అక్కడ కదిలింది టీచరు, పిల్లాడు కాదు. తర్వాత 1990ల్లో ఐటీడీఏలు ‘మాబడి’ అని నడిపినవి కూడా అదే దారి. ఊరోళ్ళు పాక వేస్తే, చదువుకున్న మన కుర్రాడే ఒకటి, రెండు తరగతులు చెప్పేవాడు. ఆ రెండు తరగతుల్ని అయిదు దాకా పెంచి ఉంటే! మళ్ళీ అక్కడే ఆగింది. 2000లో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులు నూటికి నూరు మనకే ఇచ్చింది, దాన్ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. భాష తెలిసిన టీచరు గూడేనికి వచ్చే దారి అలా ఇంకొంచెం ఇరుకైంది.

బయటి దేశాల ఆదివాసులు ఇదే విషయంలో ఎంత దూరం పోయారో ఒకటి చెప్తాను. అమెరికాలో అరిజోనా హోపి జాతి పిల్లల్ని దూరంగా ఉన్న ప్రభుత్వ బోర్డింగ్ స్కూళ్ళకి పంపమంటే ఒరైబి ఊరి పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. భూమి ముక్కలు చేసే పథకానికీ ఒప్పుకోలేదు. సైన్యం వచ్చి 19 మందిని పట్టుకుపోయి 1895 జనవరిలో ఆల్కట్రాజ్ దీవి జైల్లో పెట్టింది. ఆగస్టు దాకా వదల్లేదు. పిల్లల్ని బడికి పంపనన్నందుకు సముద్రం మధ్య జైలు. వాళ్ళు చదువు వద్దన్నారని అప్పటి అధికారులు రాసుకున్నారు. మన తాతల్ని గురించి రాసిందీ ఇదే కదా, గిరిజనులకి చదువు మీద ఆసక్తి లేదని.

మన జిల్లాకి వస్తే ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు ఏజెన్సీ మండలాలు అల్లూరి జిల్లాకి పోయాయి. రావికమతం, రోలుగుంట, గొలుగొండ, దేవరాపల్లి లాంటి మండలాల కొండ మీద గూడేలు అనకాపల్లిలో మిగిలిపోయాయి. ఇవి అయిదో షెడ్యూల్లో లేవు. పెసా లేదు. మైదానం రూల్సే వీళ్ళకీ వర్తిస్తాయి, కొండ దిగే దారి మాత్రం ఏజెన్సీదే. కిలోమీటరు రూల్ అందరికంటే ఎక్కువ కొరికేది వీళ్ళనే.

అందుకే ఈ గూడేల కుర్రాళ్ళు ఒక కాగితం సంపాదించి దగ్గర పెట్టుకోవాలి. విద్యాహక్కు చట్టం కింద 2010లో కేంద్రం చేసిన నిబంధనల్లో ఆరో నిబంధన. ఒకటి నుంచి అయిదు తరగతుల బడి కిలోమీటరు నడక లోపు ఉండాలని అందరికీ తెలుసు. దాని కిందే ఇంకో మాట ఉంది, ఎవరూ చదవరు. కొండ దారులు, వరదలు, కొండచరియలు విరిగిపడే చోట్లు, రోడ్డు లేని చోట్లు, పసిపిల్లలకి ప్రమాదం ఉన్న దారులు అయితే ఆ దూరాన్ని ఇంకా తగ్గించి బడి పెట్టాలి అని. మన పేరెంట్స్ కమిటీలు తీర్మానం రాసేటప్పుడు ‘దూరం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. దారిలో ఎన్ని గెడ్డలున్నాయి, ఏ నెలల్లో పొంగుతాయి, ఎక్కడ పిల్లల్ని ఎత్తుకొని దాటించాలి, అవి వరసగా రాయించండి. సంతకాలు రానోళ్ళ చేత వేలిముద్రలు వేయించి ఒక కాపీ ఎంఈఓకి, ఒకటి కలెక్టర్ గ్రీవెన్స్‌లో ఇచ్చి, రసీదు తీసుకోండి.

జై ఆదివాసీ.