రెటినోబ్లాస్టోమా

రెటినోబ్లాస్టోమా చిన్నపిల్లల కంటిలోని దృష్టిపటలంలో (రెటీనాలో) పుట్టే క్యాన్సర్ కణితి. పిల్లలకు కంటి లోపల వచ్చే క్యాన్సర్లలో ఇదే ముఖ్యమైనది. సుమారు 15,000 నుండి 20,000 జననాలలో ఒకరికి వస్తుంది. ఎక్కువగా అయిదేళ్ళ లోపు వయసులోనే బయటపడుతుంది.

కారణం

13వ క్రోమోజోముపై ఉండే ఆర్‌బి1 అనే జన్యువు కణవిభజనకు కళ్ళెం వంటిది. రెండు ఉత్పరివర్తనాలు జరిగితేనే ఈ కణితి ఏర్పడుతుందని 1971లో ఆల్ఫ్రెడ్ నూడ్సన్ ప్రతిపాదించాడు. జన్యువును 1986లో వేరుచేశారు. సుమారు 40 శాతం పిల్లలలో మొదటి లోపం పుట్టుకతోనే శరీరమంతటా ఉంటుంది. వీరిలో చాలామందికి రెండు కళ్ళలోనూ కణితులు వస్తాయి. పాశమైలారం, పటాన్‌చెరు వంటి పారిశ్రామిక ప్రాంతాలలో పిల్లల జబ్బులన్నిటికీ కాలుష్యాన్నే కారణంగా అనుమానించడం సహజమే కాని, ఈ వ్యాధికి వాతావరణ కారణమేదీ ఇంతవరకు నిర్ధారణ కాలేదు.

వ్యాధి నిర్ధారణ

కనుపాపలో తెల్లని మెరుపు ప్రధాన లక్షణం. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, మరొకటి తెల్లగా కనిపించడం వల్ల దీనిని తల్లిదండ్రులే ముందు గమనించిన సందర్భాలు ఉన్నాయి. రెండవ లక్షణం మెల్లకన్ను. "పిల్లికళ్ళు" అనో, పెరిగితే మెల్ల సరిపోతుందనో ఊరుకుంటే విలువైన కాలం పోతుంది.

పిల్లవాడికి మత్తు ఇచ్చి, పాపను పెద్దది చేసి, రెండు కళ్ళ లోపలి భాగాన్నీ పూర్తిగా పరీక్షిస్తారు. అల్ట్రాసౌండ్‌లో కణితిలోని సున్నపు మచ్చలు తెలుస్తాయి. దృష్టినాడిలోకి, మెదడు వైపు పాకిందేమో ఎమ్మారై చూపుతుంది. ఇతర కణితులలో వలె సూదితో ముక్క తీసి పరీక్షించడం (బయాప్సీ) ఇక్కడ చేయరు. గుచ్చిన దారి వెంట క్యాన్సర్ కణాలు కంటి బయటకు చేరే ప్రమాదం ఉంది. అందుచేత సూక్ష్మదర్శిని పరీక్ష లేకుండానే చికిత్స మొదలుపెట్టే అరుదైన క్యాన్సర్లలో ఇది ఒకటి. కన్ను తీసివేయవలసి వస్తే మాత్రం, కణితి దృష్టినాడిలోకి ఎంత దూరం పోయిందో ఆ పరీక్షలోనే తేలుతుంది.

వర్గీకరణ

1960లలో వచ్చిన రీస్-ఎల్స్‌వర్త్ పద్ధతి రేడియేషన్ చికిత్సను దృష్టిలో పెట్టుకొని చేసినది. మందుల చికిత్స (కీమోథెరపీ) ముందుకు వచ్చాక అది సరిపోలేదు. తరువాతి అంతర్జాతీయ వర్గీకరణలో "ఎ" నుండి "ఇ" వరకు అయిదు వర్గాలున్నాయి. "ఎ"లో కణితి 3 మిల్లీమీటర్లు మించదు. "ఇ"లో కన్ను నిలవడం కష్టం. కన్ను పోయినా ప్రాణం దక్కవచ్చును కాబట్టి ఈ అక్షరాలను ఆయుష్షుకు కొలతగా భావించరాదు. ఇటీవలి టిఎన్ఎమ్ పద్ధతిలో వంశపారంపర్య లక్షణానికి "హెచ్" అనే ప్రత్యేక గుర్తు చేర్చారు.

హైదరాబాదులో సౌకర్యాలు

1987లో ప్రారంభమైన ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థలో కంటి క్యాన్సర్లకు ప్రత్యేక విభాగం ఉంది. ప్రభుత్వ రంగంలో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పిల్లల క్యాన్సర్లకు చికిత్స చేస్తుంది. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాల వారికి ఈ రెండూ అందుబాటులోనివే. వ్యాధి వంశపారంపర్యమని తేలితే ఆ పిల్లల తోబుట్టువుల కళ్ళను కూడా పుట్టినప్పటి నుండి పరీక్షిస్తారు.