అనంతపురము రైలుస్టేషను: పుట్టుక, పెంపు



రైలుబండికి మన పండితులు ధూమశకటమని పేరు పెట్టిరి. పల్లెప్రజలు పొగబండి యనిరి. నేడు అనంతపురము మీదుగా బండ్లు విద్యుచ్ఛక్తిచే నడచుచున్నవి. పొగ పోయినది, పేరు మాత్రము వృద్ధుల నోట మిగిలినది. ఆ స్టేషనును విస్తరింప సంకల్పించిన యీ కాలమున, దాని పూర్వకథను ఒకమారు స్మరించుట యుచితము. ఎందులకు పుట్టినదో తెలిసినగాని ఎట్లు పెరుగవలెనో తెలియదు.

మద్రాసునుండి బయలుదేఱిన ఇనుపదారి కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదవానుల మీదుగా 1871లో రాయచూరు చేరి, బొంబాయినుండి వచ్చిన దారితో కలిసినది. ఆ మార్గము మన సీమ ఉత్తరపు అంచును తాకిపోయినదే కాని అనంతపురమునకు రాలేదు. గుత్తికిని అనంతపురమునకును నడుమ ముప్పది మైళ్లకు పైబడిన బండిబాట. ఆ బాటకు అడ్డముగా పెన్నేఱు. నాటివారికి ఎద్దులబండియే దిక్కు.

1876లో, ధాత నామ సంవత్సరమున, వానలు తప్పినవి. 1878 వఱకు సీమను పీడించిన ఆ క్షామమును మన పెద్దలు ధాత కఱవని చెప్పుకొనుచుండిరి. రైలు గుత్తివఱకు ధాన్యమును తేగలిగినది. అచ్చటినుండి లోపలి యూళ్లకు చేర్పవలసినవి ఎద్దులు. అయితే కఱవు మొదట కబళించునది పశువులనే గదా! మేపుటకు గడ్డి లేదు. దారిలో త్రాగించుటకు నీరు లేదు. ధాన్యమొకచోట, ఆకలి యొకచోట నిలిచిపోయినవి.

ఇందులో మఱియొక సూక్ష్మము కలదు. రైలు ధాన్యమును తెచ్చుటయే కాదు, కొనిపోవుటయు నెఱుగును. ధర హెచ్చుగా పలికినచోటికి సరకు పరుగెత్తును. చేత కాసులేని కూలివానికి స్టేషనులోని బస్తాలు కంటికే గాని కడుపునకు రావు. కనుక ఇనుపదారి యొక్కటియే కఱవును మాన్పునని తలచుట పొరపాటు. అది లేకున్న కఱవు ప్రాణాంతకమగుననుట మాత్రము సత్యము.

1880లో క్షామవిచారణ సంఘమువారు తమ నివేదికలో, దేశమునకు మొత్తము 20,000 మైళ్ల రైలుమార్గము కావలెననియు, అందు 5,000 మైళ్లు వెంటనే వేయవలెననియు తెలిపిరి. 1882లో అనంతపురము బళ్లారినుండి విడివడి ప్రత్యేక జిల్లా యైనది. పిమ్మట పదేండ్లకు, 1892–93 ప్రాంతమున, గుంతకల్లునుండి ధర్మవరము, హిందూపురముల మీదుగా మైసూరు సరిహద్దునకు దారి పడినది. అనంతపురమున బండి ఆగినది. ధాత కఱవున జన్మించిన శిశువులు అప్పటికి పదునాఱేండ్ల ప్రాయమువారు, బ్రతికియున్నయెడల.

ఆ దారి మీటరుగేజి. మద్రాసు మార్గమున పట్టాల నడిమి యెడము 5 అడుగుల 6 అంగుళములు. ఇచ్చట 3 అడుగుల 3 అంగుళములకు స్వల్పము హెచ్చు. కావున మన వేరుసెనగ మూటలు మద్రాసు పోవలెనన్న గుంతకల్లులో ఒక బండినుండి దించి వేఱొకదాని కెక్కింపవలసివచ్చెడిది. కాలవ్యయము, కూలివ్యయము రైతు తలపై పడెడివి. 1980వ దశకమున ఆ దారి బ్రాడుగేజిగా మాఱి ఈ చిక్కు తొలగినది.

2020 సెప్టెంబరు 9వ తేదీన అనంతపురమునుండి ఢిల్లీకి పండ్లతో కిసాన్ రైలు బయలుదేఱినది. దక్షిణదేశమున అట్టి బండ్లలో నిదియే మొదటిది. ఒకప్పుడు గింజలకై ఎదురుచూచిన సీమ, బత్తాయిలను, అరటిపండ్లను రాజధానికి పంపినది! ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నేలపై రైతు చేసిన కృషికి ఇంతకంటె నిదర్శనమేల?

ఇక పెంపు సంగతి. 2023లో వెలువడిన అమృత భారత స్టేషన్ల పథకము దేశమున 1,300కు పైబడిన స్టేషన్లకు సంబంధించినది. అందు అనంతపురమును, గుత్తి, తాడిపత్రి, ధర్మవరము, హిందూపురము, కదిరి స్టేషన్లును చేరినవి. విశాలమైన ప్రవేశమార్గములు, విశ్రాంతిశాలలు, లిఫ్టులు, స్థానికవస్తువుల యంగళ్లు ఆ పథకపు లక్ష్యములు. ఇవి మంచివే. కాని స్టేషను ముఖద్వారమును చూచి మురియువారు వేఱు, దానిచే బ్రతుకువారు వేఱు.

నేను బడిలో పాఠము చెప్పిన నాళ్లలో, వాన తప్పిన యేట తరగతిలో కొన్ని స్థలములు ఖాళీగా నుండెడివి. అడిగినచో తోడిపిల్లలు, "బెంగుళూరికి పోయినారు సార్, అమ్మా నాయనతో" అనెడివారు. మూటాముల్లెతో, పసిబిడ్డలతో రాత్రివేళ బండికై నేలపై కూర్చుండువారు వారే. విస్తరణమున వారికి మొదటి పీట వేయవలెను: చాలినంత నీడ, వేసవియందును తఱుగని త్రాగునీరు, టిక్కెట్టు లేని గదియొక్క చల్లదనము కాక సామాన్య ప్రయాణికుడు నడుము వాల్చు చోటు. పిదప రైతునకు, పండ్లు బండి వచ్చువఱకు వాడకుండ కాచు శీతలగిడ్డంగి.

నూఱేండ్లకు పూర్వము ఈ స్టేషను యోగ్యతను ఎన్ని ధాన్యపుబస్తాలు దిగినవో లెక్కించి చెప్పవచ్చును. ఇక ముందు లెక్కింపవలసినది వేఱు: పండ్లెన్ని యెక్కినవి, బ్రతుకుదెరువునకై యెక్కు మనుష్యులెందఱు తగ్గిరి? ఆ రెండవ లెక్క తఱిగిన నాడే మన స్టేషను నిజముగా పెరిగినదని చెప్పదగును.