సైనికుని తుపాకి, వేటకాని వ్రేలు

తుపాకిని గూర్చి ముచ్చటించువారు గొట్టపు నిడివిని, తూటా వేగమును పొగడుదురే కాని, చూపుడువ్రేలి క్రింద నొదిగియుండు చిన్న మీటను తలచువారు అరుదు. అయినను రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాదేశమున ఆ మీట నొక్కదానినే చేసి అమ్ముకొని బ్రతికెడి వృత్తి యొకటి పుట్టి నేటికిని వర్ధిల్లుచున్నది. సైన్యము కొఱకు పుట్టిన ఆయుధము వేటకాని చేతికి వచ్చుటయే దీనికి మూలము.

జర్మనీలోని ఓబెర్న్‌డార్ఫు పట్టణమున పౌల్ మౌజరు రూపొందించగా, 1898లో జర్మను సైన్యము స్వీకరించిన రైఫిలును చూడుడు. అందు గడియవలె అడ్డుపడి సూదిని వెనుకకు నిలిపియుంచు ఉక్కుతునుకకు సియర్ అని పేరు. మీట తలమీద రెండు చిన్న గూనులు కలవు. మొదటి గూను ఆనియున్నంతసేపు మీట తేలికగా వెనుకకు వచ్చును. రెండవది ఆనినంతనే ఒత్తిడి హఠాత్తుగా హెచ్చి, మఱికొంత బలము వినియోగించిన పిమ్మట కాని సియర్ జారదు, సూది కదలదు, తూటా పేలదు. ఇది మౌజరు తెలివితక్కువతనము కాదు. బురదలోను మంచులోను ప్రాకుచు, చలికి కొంకర్లు పోయిన వ్రేళ్లతో, ప్రాణభయముతో తుపాకి పట్టిన పడుచువాని చేతిలో అది వేళకాని వేళ పేలకుండుటయే సేనాధిపతులకు ప్రధానము.

వేటకాని అవసరము వేఱు. అతడు దినమెల్ల తిరిగి ఊపిరి బిగబట్టి ప్రయోగించునది ఒక్కటే తూటా; బరువైన మీటను ఈడ్చుటలో గుఱి వెండ్రుకవాసి తొలగినను శ్రమ యంతయు వ్యర్థము. జర్మను వేటగాండ్రు దీనికి పూర్వమే ఉపాయము కనుగొనిరి. వారి తుపాకులకు జంటమీటలు. వెనుకదానిని లాగి సిద్ధపఱచిన పిమ్మట ముందుదానిని తాకినంతనే పేలును. ఆ విద్య వలసవచ్చిన పనివాండ్ర వెంట పెన్సిల్వేనియాకును, అటనుండి సెయింట్ లూయిస్‌లోని హాకెన్ సోదరుల కార్ఖానాకును చేరినది. అయితే తుపాకిని సిద్ధపఱచి యుండగా మృగము పొదలలోనికి తప్పించుకొనిపోయినచో ఆ మీటను మరల చల్లార్చుట మిక్కిలి జాగ్రత్తతో చేయవలసిన పని.

ఇరువదవ శతాబ్దిలో వేటగాండ్రు సైనిక రైఫిళ్ల వైపు మొగ్గిరి. థియొడోర్ రూజ్‌వెల్టు 1909లో ఆఫ్రికాకు కొనిపోయిన తుపాకులలో వేటకై మలచిన అమెరికా సైనిక రైఫిలు స్ప్రింగ్‌ఫీల్డు ఒకటి. మన పాఠకు లెఱిగిన వేటగాడు జిమ్ కార్బెట్టు రిగ్బీ రైఫిలు సైతము మౌజరు యంత్రముపై కట్టినదే. 1945 తరువాత సైన్యములకు అక్కఱలేని రైఫిళ్లు కుప్పతెప్పలుగా చవుకధరలకు రాగా, సామాన్యుడును వాని పొడవాటి కొయ్యను కోసి, దూరదర్శిని బిగించుటకు ఉక్కున రంధ్రములు తొలిచి, వేటరైఫిళ్లు చేసికొనసాగెను. మిగిలినది మీట. కొందఱు సియర్‌ను నూనెరాతిపై నూరి తేలిక చేసిరి. కాని గట్టిపఱచిన పైపొర నూరుడుకు పోయినచో లోపలి మెత్తని లోహము త్వరగా అరిగి, తుపాకి తనంతట పేలు ప్రమాదము కలదు. ఈ లోటును కనిపెట్టియే 1946లో అల్లన్ టిమ్నీ స్థాపించిన సంస్థ పాతమీటను ఊడదీసి దాని స్థానమున బిగింపదగిన సంపూర్ణమైన మీటయంత్రమును తయారుచేయ నారంభించెను. బరువునకు, జారుడుదూరమునకు, పేలిన పిదప మీట వెనుకకు పోవు దూరమునకు సవరింపు మరలు అందమరినవి. డెన్వరులో మాట్ కాంజార్ చేసిన మీటలకును మంచిపేరుండెను.

కర్మాగారములును ఊరకుండలేదు. వించెస్టరు 1936లో విడుదల చేసిన మోడలు 70 మీట సరళతకు మెప్పుపొందినది. రెమింగ్టను 1948లో మైక్ వాకరు రూపొందించిన మీటను ప్రవేశపెట్టి, 1962 నాటి మోడలు 700లో దానినే కొనసాగించెను. అది తేలికయు నునుపునునైనను, మీట తాకకయే తుపాకి పేలినదని వ్యాజ్యములు దశాబ్దములు నడచినవి. సంస్థ తన రూపకల్పనలో దోషము లేదని వాదించుచునే 2014లో మీటలు మార్చియిచ్చు రాజీకి ఒప్పుకొనెను. ఇట్టి వ్యాజ్యములకు వెఱచిన కర్మాగారములు మీటలను మరల బరువెక్కించినవి. నాడు సేనాధిపతి కోరిన బరువును నేడు న్యాయవాది కోరెనన్నమాట! అందుచేతనే, 1968 నాటి అమెరికా శాసనము సైనికావశిష్టముల దిగుమతిని నిలిపినను, మీటలవారికి గిరాకి తగ్గలేదు. 2002 ప్రాంతమున శావేజ్ సంస్థ, మీట నడుమ నున్న పలుచని రేకు నొక్కిననే తప్ప సియర్ విడివడని ఏర్పాటుతో, తేలికను క్షేమమును కలిపి చూపిన పిమ్మట కాని తక్కిన కర్మాగారములకు చలనము కలుగలేదు.

నాడు చవుకగా కొని కోసిన స్ప్రింగ్‌ఫీల్డులకన్న, ఏ మార్పును పొందక మిగిలినవానికే నేడు సంగ్రాహకులు హెచ్చువెల యిచ్చుచున్నారు. పాతమీటను దాచియుంచినవాడు దానిని తిరిగి బిగించుకొనవచ్చును. కోసిన కొయ్యను, తొలిచిన ఉక్కును పూర్వమువలె చేయుట మాత్రము ఎవరి తరమును కాదు.