మిరియం: కారం, ఘాటు – ఒక పరిభాషా పరిశీలన

తెలుగులో కారం, ఘాటు సమానార్థకాలు కావు. కారం నాలుకకు, ఘాటు ముక్కుకు సంబంధించినవి. మిరియపు రసాయన చరిత్ర ఈ భేదాన్ని ఎలా సమర్థిస్తుందో, అది మన శాస్త్రపరిభాషకు ఏమి సూచిస్తుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆయుర్వేదం శొంఠి, పిప్పలి, మిరియాలను త్రికటువుగా కూర్చింది. ఇక్కడ ప్రమాణం రుచి. లిన్నేయస్ 1753లో పుష్పనిర్మాణాన్ని ప్రమాణంగా తీసుకొని మిరియం, పిప్పలి, తమలపాకు తీగలను పైపర్ ప్రజాతిలో చేర్చాడు. శొంఠినిచ్చే అల్లం వేరే కుటుంబానికి చెందింది. పైపర్ అనే లాటిన్ మాటకు మూలం గ్రీకు ద్వారా వెళ్లిన పిప్పలీ శబ్దమే. అంటే పాశ్చాత్యులు మిరియానికి పిప్పలి పేరు పెట్టుకున్నారు. అమెరికా నుండి వచ్చిన కొత్త కాయకు మనవారు మిరియాన్ని బట్టి మిరప అని పేరు పెట్టడం కూడా ఇలాంటిదే. ఈ రెంటినీ కలిపింది కారమే కాని, వాసన కాదు.

1819లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ మిరియం నుండి పైపరిన్‌ను వేరుచేశాడు. నత్రజని గల ఈ క్షారాభం కారానికి ప్రధాన కారణం. ఇది ఆవిరితో పాటు పైకి రాదు. అందువల్ల మిరియాలను ఆవిరితో స్వేదనం చేసినప్పుడు లభించే తైలంలో పరిమళం ఉంటుంది, కారం ఉండదు. పైనీన్, సాబినీన్, లిమొనీన్, కారియోఫిలీన్ వంటి టర్పీన్లు ఆ తైలంలో ముఖ్యమైనవి. వాటిలో నత్రజని లేదు. తమలపాకు తైలంలో యూజినాల్, చావిబెటాల్ వంటి ఫినాల్ పదార్థాలు ప్రధానం. లవంగ తైలానికి కూడా యూజినాలే ప్రాణం.

ఘాటు కథ అక్కడితో ముగియలేదు. తుంగముస్తల తైలంలో 1967లో గుర్తించిన రొటండోన్ మిరియపు ప్రత్యేక పరిమళానికి ముఖ్య కారకమని 2008లో తేలింది. అత్యల్ప పరిమాణంలో ఉండే ఈ పదార్థాన్ని కొందరి ముక్కు అసలే పసిగట్టలేదు. కాబట్టి పదార్థపు పాలు ఎంత అన్నదానితోనే వాసనను కొలవలేము.

ఈ చరిత్ర మూడు పరిభాషా నిర్ణయాలకు దారితీస్తుంది. ఒకటి: ఈ తైలాలను ‘ఆవశ్యక నూనెలు’ అనడం సరికాదు, ఆంగ్ల విశేషణానికి ఇక్కడ మూలార్థం సారమే గాని, అవసరం కాదు. రెండు: తైలశబ్దం తిలల నుండి పుట్టింది, గింజను గానుగాడితే వచ్చే జిడ్డునూనె నుండి వేరుపరచడానికి ‘పరిమళ తైలం’ అనడం ఉచితం. మూడు: పైపరిన్ గుణాన్ని కారమనీ, తైలగుణాన్ని ఘాటు అనీ వ్యవహరించాలి. రెండింటికీ ‘కటుత్వం’ అనే ఒకే మాట వాడితే, ప్రయోగశాల కష్టపడి విడదీసిన వాటిని అనువాదం మళ్లీ కలిపేస్తుంది. ఆ భేదాన్ని నిలపగల మాటలు వాడుకలో సిద్ధంగానే ఉన్నాయి.