ఎర్రగీత లోపలి ఇళ్లు

ఢిల్లీ మయూర్ విహార్ ఫేజ్-1లో అపార్టుమెంట్ల గేట్లు దాటి చిల్లా గ్రామంలోకి అడుగుపెడితే వీధి ఒక్కసారిగా సన్నబడుతుంది. అటూ ఇటూ మూడు, నాలుగు అంతస్తుల మేడలు. పైన బాల్కనీలు వీధి మీదికి తోసుకొచ్చి ఆకాశం చారెడే మిగిలింది. గుమ్మం పక్కన వరసగా కరెంటు మీటర్లు. వాటిని లెక్కపెడితే లోపల ఎన్ని వాటాలు అద్దెకిచ్చారో తెలిసిపోతుంది.

రెవెన్యూ రికార్డుల్లో ఈ ఊరు రెండు ముక్కలు: చిల్లా సరోదా బాంగర్, చిల్లా సరోదా ఖాదర్. బాంగర్ అంటే మెరక, ఖాదర్ అంటే యమున వరద పారే పల్లం. ఈ ప్రాంతపు పాత రైతు ఇంటికి నడుమ ఆంగన్ అనే ఆరుబయలు, ముందు మగవాళ్లు కూర్చునే బైఠక్, ఓ పక్క పశువుల చోటు ఉండేవి. మన మండువా లోగిలికి దూరపు చుట్టమే. కాకపోతే పైన పెంకులుండవు, చదును మిద్దె. వేసవి రాత్రుళ్లు పడకలు దాని మీదే.

ఆ ఇంటిని మార్చింది ఆర్కిటెక్టు కాదు, పటం మీది గీత. బ్రిటిష్ హయాంలో, 1908 ప్రాంతంలో, జనావాసం చుట్టూ ఎర్రగీత గీసి ‘లాల్ డోరా’ అన్నారు. 1957లో ఏర్పడిన ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) కాలనీల కోసం చుట్టూ పొలాలు సేకరించింది. గ్రామస్తులకు మిగిలింది గీత లోపలి నేలే. 1963 నోటిఫికేషన్‌తో అక్కడి ఇళ్లకు భవన నిబంధనల నుంచి మినహాయింపు కూడా దొరికింది. పొలం పోయాక పశువులు పోయాయి, అన్నదమ్ముల వాటాలు చిన్నవయ్యాయి, అద్దెకు జనం వచ్చారు. ఆంగన్ గదులైపోయింది. గ్రామాలకూ నిబంధనలు వచ్చేసరికి మేడలు లేచేశాయి.

పక్కనే త్రిలోక్‌పురిదీ అదే దారి. ఎమర్జెన్సీలో మురికివాడల నుంచి తరలించిన కుటుంబాలకు అక్కడ ఇచ్చింది సుమారు 25 గజాల స్థలం. ఇల్లు పెరగాలంటే పైకే పెరగాలి.

ప్లాను ప్రకారం కట్టిన డీడీఏ ఫ్లాట్లూ చెక్కుచెదరకుండా లేవు. బాల్కనీలకు అద్దాలు బిగించి గదులు చేసుకున్నారు. కొన్నిచోట్ల కింది నుంచి పై దాకా ఇరుగుపొరుగు ఒక్కమాట మీదికొచ్చి, నేల నుంచి స్తంభాలు లేపి తలా ఓ గది కలుపుకున్నారు. సొంతూరి పద్ధతిలో కట్టడం దక్కింది దేవుడికే: ఇక్కడి మలయాళీలు ఉత్తర గురువాయూరప్పన్ గుడిని కేరళ శైలిలో కట్టుకున్నారు.

ఆంగన్ ఇల్లు తిరిగి రాదు. ఆ నేలకు ఇప్పుడున్న ధరలో ఎవరూ దాన్ని ఖాళీగా వదలరు. కానీ గదికో కిటికీ, వీధిలో ఫైరింజన్ పట్టేంత దారి అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. గీత బయటి ఫ్లాటుకు అడుగుతున్న ఈ రెండింటినీ గీత లోపలా అమలు చేయాలి.