మద్యమునకు గీచిన యెల్లలు

నంబులపూలకుంట పూర్వపు కదిరి తాలూకాలోని గ్రామము. ఆ తాలూకా మొదట కడప జిల్లాలోనిది. 1910లో అనంతపురము జిల్లాలో చేర్చబడెను. కచ్చేరి మారుటయే గాని దీనివలన జనులకు వేఱొక మార్పు గలుగునని నాడు తలచినవారు అరుదుగా నుందురు. ఇరువదియెనిమిదేండ్లకు దాని ఫలము కానవచ్చెను. రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937లో మద్యనిషేధ శాసనమును గావించి, తొలుత సేలము జిల్లాలోను, 1938 అక్టోబరులో చిత్తూరు, కడప జిల్లాలలోను అమలుపఱచెను. అనంతపురమునకు నాడది రాలేదు. తాలూకా పాతజిల్లాలోనే యుండినచో నీ గ్రామమునకును నిషేధము వచ్చియుండెడిది. ఇరుగుపొరుగు పల్లెలకు రెండు ధర్మములు! నిషేధము యుద్ధకాలమున నాగి, మరల మొదలై, 1948 నాటికి చెన్నరాజధాని యంతటను వ్యాపించునప్పటికి యీ భేదము పూర్తిగా దీరెను.

పాతకాగితములపై మక్కువచేత మేమీ ముచ్చట నెత్తలేదు. నేలపై గీత గీచి మద్యము నాపజూచు పద్ధతి మనలను నేటికిని విడువలేదు. త్రాగి బండ్లు నడుపుటవలని మరణములను దలచి, జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యపుటంగళ్లుండరాదని 2016 డిసెంబరులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. మఱుచటి యేడే 20,000 జనసంఖ్యకు మించని యూళ్లలో ఆ దూరము 220 మీటర్లకు దగ్గెను. త్రాగదలచినవానికి ఆ నడక యొక లెక్కయా?

2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవాఱుజామున, హైదరాబాదునుండి బెంగుళూరునకు బోవు బస్సొకటి కర్నూలు దాపున చిన్నటేకూరుకడ, దారిలో బడియున్న మోటారుసైకిలును ఢీకొని తగులబడెను. ప్రయాణికులు 19 మంది మడిసిరి. సైకిలు నడిపినవాడు అంతకుముందే పడి మరణించియుండెను. అతడు మద్యము సేవించియుండెనని పరీక్షలలో దేలినట్లు పోలీసులు ప్రకటించిరి. బస్సులో నిద్రించువారికి అతడెవ్వడో యెఱుకలేదు. ఆ రహదారియే మన పెనుకొండమీదుగా బోవుచున్నది.

కొలువవలసినది నేల గాదు, నెత్తురు. 1939 నాటి మోటారుబండ్ల చట్టము, బండిని అదుపులో నుంచుకొనజాలనంత మత్తు నేరమని మాత్రమే తొలుత జెప్పెను. అంత యనగా నెంత? పట్టుకొన్నవాని తలంపే ప్రమాణము. 1988 చట్టములోని 185వ సెక్షను 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాముల మద్యమును హద్దుగా నిర్ణయించెను. నోట నూదించు యంత్రము దాని నప్పటికప్పుడే తెలుపును. వాదమునకు చోటు తఱుగును. గంజాయి మొదలగువాని విషయమున మాత్రము అట్టి యంకె యేదియు నా సెక్షనులో లేదు. అదుపు తప్పునంత మత్తని 1939లో వ్రాసిన మాటయే వానికి నేటికిని చెల్లుచున్నది.