నీటి మీద చూపు

1944 జూలై 30న గ్వాడల్‌కెనాల్ తీరాన ఇసుకలో కూరుకుపోయిన ఓ జపాన్ సరుకు ఓడ మీదికి అమెరికా నౌకాదళం పైలట్ లేని విమానాలను పంపింది. వాటి పేరు టీడీఆర్-1. కింద బాంబు, ముక్కులో టీవీ కెమెరా. వెనకాల మరో విమానంలో కూర్చున్న ఆపరేటర్ చిన్న తెర మీద మసకమసక బొమ్మ చూసుకుంటూ వాటిని గురి మీదికి నడిపాడు. ఖాళీ నీటి మీద నిలిచిన ఓడను పట్టడం ఆ కెమెరాకు సులువే. చెట్ల మాటున దాగిన ఫిరంగి దగ్గరికొచ్చేసరికి తడబడేది. అసలు ప్రయోగమంతా ఆ కంటికే. దానికి తగిలించిన రెక్కలు చౌకగా చేసిన చెక్క విమానానివి.

కన్నే ముఖ్యమన్న ఈ సంగతి 1960ల్లో అదే నౌకాదళం మరిచిపోయినట్టుంది. అప్పటి ఓడల సోనార్లు జలాంతర్గామిని ఎంతో దూరాన పసిగట్టేవి, టార్పెడోలు అంత దూరం పోయేవి కావు. ఆ వెలితి పూడ్చడానికి డాష్ అనే చిన్న మానవరహిత హెలికాప్టర్ చేశారు. అది టార్పెడో మోసేది, కానీ దానికి చూపు లేదు. డెక్ మీది మనిషి దాన్ని గాల్లోకి లేపితే, లోపల రాడార్ ముందున్న మనిషి చుక్కను చూస్తూ నడపాలి. సిగ్నల్ పోతే అంతే సంగతులు. 700కు పైగా తయారైతే సగానికి సగం పోయాయి. విచిత్రమేమిటంటే, ఆ డాష్‌లలోనే కొన్నింటికి వియత్నాం యుద్ధంలో టీవీ కెమెరా బిగించారు. ఓడ ఫిరంగి గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చెప్పే పని అప్పగిస్తే బాగానే చేశాయి.

1986లో అమెరికా యుద్ధనౌక ఐయోవా మీదికి పయొనీర్ అనే డ్రోన్ వచ్చింది. రాకెట్‌తో పైకి లేపి, తిరిగొచ్చాక డెక్ మీద కట్టిన వలలో పట్టేవాళ్లు. మొదటి పరీక్షల్లో కొన్ని కూలిపోయాయి. ఓడలోని ఇతర పరికరాల విద్యుదయస్కాంత తరంగాలు దాని కంట్రోల్‌తో కలబడడం అందుకు ఓ కారణం. నేల మీద ఎన్ని పరీక్షలు నెగ్గినా ఓడెక్కేసరికి కొత్త జబ్బులు బయటపడతాయి. ఉప్పు గాలి, ఊగే డెక్, పక్కనే నిప్పులు చెరిగే రాడార్లు ఏ ప్రయోగశాలలోనూ ఒక్కచోట దొరకవు. 1991 గల్ఫ్ యుద్ధం నాటికి ఆ లోపాలు చాలావరకు సర్దుకున్నాయి. కువైట్‌లోని ఫైలకా దీవిలో ఇరాకీ సైనికులు తలపైన తిరిగే పయొనీర్‌కు తెల్లగుడ్డలు ఊపి లొంగిపోయారు. ఆ మోత వెనకే ఓడ ఫిరంగుల 16 అంగుళాల గుండ్లు వస్తాయని వాళ్లకు అనుభవమే.

కెమెరాకు మబ్బు అడ్డం, రాత్రి అడ్డం. రాడార్‌కు ఆ బాధ లేదు, దాని శత్రువు అల. లేచిన ప్రతి కెరటమూ కాసింత ప్రతిధ్వని పంపుతుంది. ఆ గోలలో ఇనుప ఓడ బయటపడుతుంది గానీ చిన్న తెప్ప కలిసిపోతుంది. ఇక్కడే ఇంజినీర్లు చేసిన గడుసు పని ఒకటుంది. అలల మీద ఓడ ఊగేటప్పుడు దాని స్తంభం కొన ఎక్కువగా, డెక్ తక్కువగా కదులుతాయి. రాడార్‌కు తిరిగొచ్చే తరంగంలో ఆ వేగాల తేడా డాప్లర్ మార్పుగా తెలుస్తుంది. ఆ తేడాలను వరసగా పేర్చితే ఓడ ఆకారం గీసినట్టు వస్తుంది. చూపుకు అడ్డొచ్చిన అలచేతే బొమ్మ గీయించుకున్నారన్నమాట. దీన్ని ఐసార్ అంటారు. ఆ బొమ్మను ఓడ తన గురించి ప్రసారం చేసుకునే ఏఐఎస్ వివరాలతో పోల్చితే దొంగ పేరుతో తిరిగేవాడు దొరుకుతాడు.

నీటి పైన సరే, అడుగున? 2020 నవంబరులో పసిఫిక్ పరీక్షా క్షేత్రంలో ఎంక్యూ-9ఏ డ్రోన్ సోనోబాయ్‌లను, అంటే నీళ్లలో తేలుతూ చప్పుళ్లు వినే గొట్టాలను, జారవిడిచి జలాంతర్గామిని అనుకరించే లక్ష్యాన్ని వెంటాడింది. డాష్‌ను పుట్టించిన పనికే అరవై ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చారు, ఈసారి చెవులతో.

మన నౌకాదళం 2006లో కొచ్చిలో ఇజ్రాయెలీ హెరాన్, సెర్చర్ డ్రోన్లతో తొలి దళం ఏర్పాటు చేసింది. 2008లో ముంబై మీదికొచ్చిన ముష్కరులు కుబేర్ అనే చేపల పడవను చేజిక్కించుకుని వచ్చారు. చిన్న పడవను పట్టడం ఎంత ముఖ్యమో ఆ దెబ్బతో తేలిపోయింది. 2020లో అరక్కోణం నౌకాదళ స్థావరానికి రెండు సీగార్డియన్ డ్రోన్లు అద్దెకొచ్చాయి. 2024 సెప్టెంబరులో వాటిలో ఒకటి సాంకేతిక లోపంతో బంగాళాఖాతంలో దిగిపోయింది. మరుసటి నెలలోనే అదే రకానికి చెందిన 31 ఎంక్యూ-9బీల కొనుగోలుకు ఒప్పందం కుదిరింది. అందులో 15 నౌకాదళానివి.

సముద్రం లేని హైదరాబాద్‌కూ ఈ కథలో చోటుంది. ఇజ్రాయెలీ హెర్మెస్-900 నమూనాపై ఇక్కడ తయారైన దృష్టి-10 డ్రోన్‌ను 2024 జనవరి 10న ఇక్కడే నౌకాదళాధిపతి ఆవిష్కరించారు. 36 గంటలు ఎగురుతుంది, 450 కిలోల పరికరాలు మోస్తుంది. ఏడాది తర్వాత, 2025 జనవరిలో, నౌకాదళానికి అప్పగించాల్సిన ఒక దృష్టి-10 అప్పగింతకు ముందటి పరీక్షల్లో పోర్‌బందర్ దగ్గర సముద్రంలో కూలిపోయింది.